అమ్మ పేరుతో వెతికితే

మా నానమ్మ కర్మకాండలు ముగిసిన మర్నాడు, షామియానా వాళ్ల కుర్చీలు ఇంకా వరండాలో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉండగానే, నేను కంప్యూటర్ ముందు కూర్చుని మా అమ్మ పేరు మార్చాను. మార్చానంటే, అసలు పేరు రాశాను. తప్పిపోయిన అమ్మ కోసం నేను పెట్టిన వెబ్ పేజీలో అప్పటిదాకా ఆవిడ పేరు శారద. ఆ పేజీ మొదలుపెట్టేనాటికి నేను కాలేజీలో చదువుతున్నాను. ఇప్పుడు జుట్టుకి రంగు వేసుకుంటే గానీ బయటికి వెళ్లను. ఇన్నేళ్లూ ఆ పేజీ శారద కోసమే వెతికింది. శారద అనే మనిషి మా ఇంట్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసీ నోరు మూసుకోవలసి వచ్చిందని తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను విజయవాడలో వెబ్‌సైట్లు చేసి పెడతాను, కొత్తవాళ్లకి ఆ పని నేర్పుతాను. నా క్లాసుకి పచ్చళ్ల వ్యాపారం పెట్టుకున్న ఆడవాళ్లు, డాన్సు డ్రెస్సులు కుట్టేవాళ్లు, పెళ్లి ఫోటోలు తీసేవాళ్లు వస్తుంటారు. ఈ మధ్య వన్‌టౌన్ నుంచి చెప్పుల కొట్టున్న కరీం గారు చేరారు. తన పేజీ తనే తయారుచేసి మురిపెంగా చూపించారు. పైన పెద్ద అక్షరాలతో ప్రీమియం ఫుట్‌వేర్ సొల్యూషన్స్ అని ఉంది. "కరీం గారూ, మీ కొట్టు మెట్లెక్కిన మనిషి మిమ్మల్ని ఏమని అడుగుతాడండీ?" అన్నాను. "చెప్పులు చూపించండి అంటాడమ్మా." "మరి ఆ మాట మీ పేజీలో ఎక్కడుంది?" క్లాసంతా నవ్వారు, ఆయనా నవ్వారు. మొదటి పాఠం ఎప్పుడూ ఇదే చెబుతాను. మీకు మీరు పెట్టుకున్న గొప్ప పేరుతో ఎవరూ వెతకరు. వెతికేవాళ్ల నోట్లో ఏ మాట ఉంటుందో ఆ మాట మీ పేజీలో ఉండాలి. అది లేనప్పుడు ఎన్ని రంగులద్దినా, ఎన్ని బొమ్మలు పెట్టినా దండగే. వాళ్లు నోట్సు రాసుకుంటుంటే నేను కిటికీ వైపు తిరిగి కాసిని మంచినీళ్లు తాగుతాను. ఈ పాఠం చెప్పిన రోజు నాకు అన్నం సహించదు.

మా ఇల్లు సత్యనారాయణపురంలో ఉండేది. నాన్నకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు. సాయంత్రం ఇంటికి రాగానే పంపు దగ్గర కూర్చుని సబ్బుపొడితో చేతులు రుద్దుకునేవాడు, అయినా అన్నం కలుపుతుంటే గ్రీజు వాసన వచ్చేది. ఇంట్లో పెత్తనమంతా నానమ్మది. పొలం కౌలుకిచ్చి టౌనుకి వచ్చినా ఆవిడ పల్లెటూరి కాపురమే చేసింది. ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలు వెనకగదిలో వేపాకు వేసి పేర్పించేది. డాబా మీద వడియాలు పెట్టి కాకులు రాకుండా నన్ను గొడుగుతో కాపలా కూర్చోబెట్టేది. ఆదివారం వస్తే కుంకుళ్లు కొట్టి నాకు తలంటేది, ఆ పులుసు కళ్లలో పడి నేను ఏడుస్తుంటే "ఏడిస్తే కళ్లలో మురికి పోద్దిలే" అనేది. నాకు జడలేసి, గోరుముద్దలు పెట్టి పెంచింది ఆవిడే. ఆవిణ్ణి చెడ్డమనిషి అని నేను అనలేను, అలా అనగలిగితే నాకు ఎంతో హాయిగా ఉండేది.

నానమ్మ పేరు రత్నమ్మ. మా అమ్మకి పుట్టింటివాళ్లు పెట్టిన పేరు రత్నం. అత్తాకోడళ్లది ఒకే పేరైతే మా వైపు ఇళ్లల్లో ఏం చేస్తారో అందరికీ తెలిసిందే. కోడల్ని కేకేసి అంట్లు తోమమంటే అత్తగారు తన పేరు తనే పెట్టి తిట్టుకున్నట్టవుతుంది. నాన్న పెళ్లాన్ని పిలవాలంటే కన్నతల్లిని పేరుపెట్టి పిలిచినట్టవుతుంది. అందుకని గృహప్రవేశం నాడే పురోహితుణ్ణి అడిగి కొత్త కోడలికి శారద అని పేరు పెట్టారు. రేషన్ కార్డులో శారద, ఓటర్ల జాబితాలో శారద, నా స్కూలు సర్టిఫికెట్లలో తల్లి పేరు శారద. రత్నం అనే పిలుపు కూచిపూడికి ఆనుకుని ఉన్న ఓ చిన్న పల్లెలో, ఆవిడ పుట్టింట్లో మిగిలిపోయింది. వేసవి సెలవులకి అక్కడికి వెళితే ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమ్మంలోకొచ్చి "రత్నం వచ్చిందా" అనేవాళ్లు. ఆ మాట వినగానే అమ్మ మొహం విప్పారేది. మా ఇంట్లో నేనెప్పుడూ చూడని మొహం అది.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు నాకో తమ్ముడు పుట్టి, నెల తిరక్కుండానే పోయాడు. ఆ తర్వాత అమ్మ మెల్లమెల్లగా మాకు దూరమైపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగి, మాడి, గిన్నె నల్లబడేదాకా చూస్తూ నిలబడేది. ముగ్గు వేసి, చెరిపి, మళ్లీ వేసి, పనిమనిషి వచ్చేసరికి గుమ్మంలో చతికిలబడి ఉండేది. గాలి సోకిందని కొన్నాళ్లు తాయెత్తులు కట్టించారు. ఆ తర్వాత నాన్న సూర్యారావుపేటలో డాక్టరుకి చూపించాడు. మనసుకి వైద్యం అంటే పరువు పోతుందని నరాల డాక్టరు అని చెప్పుకునేవాళ్లం. మాత్రలు వేసుకున్నన్నాళ్లు అమ్మ నిద్రపోతూ ఉండేది. కోడలు పగలంతా పడుకుంటే ఇల్లు ఎలా గడుస్తుందని ఆ మాత్రలు కూడా మాన్పించారు. ఒక మధ్యాహ్నం నానమ్మ కునుకు తీస్తుంటే, నేను కాలేజీలో ఉండగా, అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా ఇంట్లోంచి వెళ్లిపోయింది. రైల్వేస్టేషన్ దగ్గర చూశామని ఒకరిద్దరు అన్నారు. విజయవాడ స్టేషన్లో నిలబడ్డ మనిషి ఏ రైలెక్కి ఏ దిక్కుకి పోయిందో ఎవరు చెప్పగలరు.

వెంటనే వెతకలేదు. ఈ ముక్క రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. పుట్టింటికి వెళ్లిందని ఇరుగుపొరుగుకి చెప్పారు, పుట్టింటివాళ్లకి అసలు చెప్పలేదు. ఎవరి ద్వారానో తెలిసి మా మావయ్య, అంటే అమ్మ అన్నయ్య, తెల్లవారుజాము బస్సుకి వచ్చి మా వరండాలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "మా రత్నం ఏది బావా?" అన్నాడు. నానమ్మ వత్తులు చేసుకుంటున్నదల్లా తలెత్తి, "రత్నాన్ని నేను ఇక్కడే కూర్చుని ఉన్నానుగా. నీ చెల్లెలు ఎటు పోయిందో మాకు మాత్రం ఏం తెలుసయ్యా" అంది. మావయ్య మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు తర్వాతే నాన్న పోలీసు కంప్లైంటు ఇచ్చాడు, శారద పేరుతో.

ఆ రోజుల్లోనే గవర్నర్‌పేటలో మేడమీద ఉన్న ఓ కంప్యూటర్ సెంటర్లో నన్ను చేర్పించారు. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి గుళ్లోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం. మాకు వెబ్ డిజైనింగ్ చెప్పిన సారు బక్కగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. "ఈ సెర్చ్ అనేది అందం చూడదమ్మా, గుడ్డిది. అక్షరాలు మాత్రం చదువుద్ది. పేజీకి పైన ఓ పేరు, కింద రెండు ముక్కల్లో సంగతి, లోపల అసలు మాటలు. నువ్వు రాయని మాట అది చచ్చినా చూపించదు" అనేవాడు. క్లాసులో అందరూ గులాబీల బొమ్మలతో, కదిలే అక్షరాలతో పేజీలు చేస్తుంటే నేను మా అమ్మ పేజీ చేశాను. తెలుగు అక్షరాలు అన్ని కంప్యూటర్లలోనూ కనపడేవి కావు కనక ఇంగ్లీషులోనే రాశాను. ఎత్తు, చామనఛాయ, కట్టుకున్న చీర రంగు రాశాను. ఒంటిమీద పుట్టుమచ్చలేమైనా ఉన్నాయా అంటే ఇంట్లో ఎవ్వరికీ తెలియదు. ఫోటో కోసం వెతికితే పెళ్లిఫోటో తప్ప ఏదీ దొరకలేదు, అందులో బాసికం కట్టుకుని తల వంచుకుని కూర్చున్న పిల్ల మా అమ్మ అని నాక్కూడా నమ్మబుద్ధి కాలేదు. అదే పెట్టాను. పేరు దగ్గర శారద అని రాసి, పక్కనే రత్నం అని రాసి, పుట్టింటి ఊరు, పుట్టింటి ఇంటిపేరు కూడా చేర్చి, ప్రింటు తీసుకుని ఇంటికి తెచ్చి నాన్నకి చూపించాను.

నానమ్మ దాన్ని చదివించుకుంది. "రత్నం తప్పిపోయింది అని రాశావా?" అంది. అవును, అమ్మ పేరే కదా అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. "నేను బతికుండగానే నా పేరు తప్పిపోయినవాళ్లలో రాస్తావటే? ఊళ్లోవాళ్లు చదివి రత్నమ్మ పోయిందనుకోరా. అంత అశుభం ఈ ఇంటికి అవసరమా?" అది వేరే రత్నం నానమ్మా అన్నాను. "ఈ ఇంట్లో వేరే రత్నం లేదు" అంది. నేను గొడవపడ్డాను. నాకు కోపం వస్తే పెద్దా చిన్నా ఉండదు, ఆ రోజు అనకూడని మాటలు చాలా అన్నాను. అప్పుడావిడ గొంతు తగ్గించి, "పొలం మీ తాత పేరు మీద ఉంది, ఇల్లు మీ నాన్న పేరు మీద ఉంది. నాకంటూ ఉన్నది ఈ పేరొక్కటేనే తల్లీ. దాన్ని కూడా తీసుకెళ్లి చావుకబురుకి కట్టమాక" అంది. నా చెయ్యి పట్టుకుని తన తలమీద పెట్టుకుంది. ఆముదం రాసుకున్న ఆ తల వెచ్చగా ఉంది. "నా ప్రాణం ఉన్నన్నాళ్లు రాయనని చెప్పు." నాన్న కేసి చూశాను. "పోనీలేమ్మా, శారద అంటే తెలుస్తుందిగా అందరికీ" అన్నాడాయన. నేను ఒట్టు వేశాను.

ఒట్టంటే ఈ కాలం పిల్లలకి నవ్వులాట. మా క్లాసులో ఓ అమ్మాయితో ఈ మాటంటే, మీరు కంప్యూటర్లు నేర్పుతూ ఒట్లని నమ్ముతారా మేడం అంది. నమ్మడం నమ్మకపోవడం కాదు. తలమీద చెయ్యి వేసి ఒట్టు తప్పితే ఆ తల రాలిపోతుందని నా చిన్నప్పుడు నా చెవుల్లో పోశారు. నన్ను పెంచిన తల అది. అమ్మని వెతకడం కోసం నానమ్మని చంపే ధైర్యం నాకు లేకపోయింది. రత్నం అనే పేరూ, దాన్ని పట్టించే పుట్టింటి ఇంటిపేరూ, ఆ ఊరి పేరూ కొట్టేసి, శారద, విజయవాడ, మా ఇంటిపేరు మాత్రం ఉంచాను.

ఇక ఆ పేజీని పైకి తీసుకురావడానికి నేను పడని పాట్లు లేవు. సెర్చ్‌లో ఒక పేజీ ముందుకి రావాలంటే దాని గురించి పదిమందీ చెప్పాలి, అంటే ఇంకొకళ్ల వెబ్‌సైట్ల నుంచి దానికి దారి ఉండాలి. కాలేజీల వెబ్‌సైట్లు, హోటళ్ల వెబ్‌సైట్లు తక్కువకి చేసిపెట్టి, వాటి అడుగున మా అమ్మ పేజీకి లింకు పెట్టనివ్వండని బతిమాలేదాన్ని. తప్పిపోయినవాళ్ల కోసం ఎక్కడెక్కడ అడగాలో, ఏయే ఊళ్లలో ఆశ్రమాలున్నాయో వివరంగా రాసి జతచేశాను, అవి చదవడానికి జనం రావడం మొదలుపెట్టారు. చివరికి విజయవాడలో తప్పిపోయిన మహిళ అని ఎవరు వెతికినా మా అమ్మ పేజీయే మొదట వచ్చేది. ఆ పని చూసే నాకు వేరే పనులు దొరికాయి. మా అమ్మ పోబట్టే నాకు ఓ వృత్తి వచ్చింది, ఆ వృత్తితోనే ఇల్లు కట్టుకున్నాను. ఫోన్లు కూడా వచ్చేవి. ఎక్కడో ఓ పిచ్చావిడ కనపడిందంటే అనంతపురం పోయాను, ఒడిశా పోయాను. వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకావిడ నా మొహంలోకి ఆశగా చూసేది, ఆవిడ మా అమ్మ కాదని చెప్పి వచ్చేసేదాన్ని.

నానమ్మ తొంభై దాటినా బతికింది. నేనే నీళ్లు పోశాను, నేనే పక్కగుడ్డలు మార్చాను. చివరి ఏడాది పొద్దున్నే కళ్లు తెరిచి "వచ్చిందా మీ అమ్మ?" అని అడిగేది. "పేరు మార్చనా నానమ్మా?" అంటే గోడవైపు తిరిగి పడుకునేది. ఆవిడ ఎప్పుడు పోతుందా అని నేను ఎదురుచూశాను. పోయినప్పుడు గుండె పగిలేలా ఏడ్చాను. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయో నాకు తెలియదు.

పేరు మార్చి, పక్కనే కూచిపూడి దగ్గరి ఆ పుట్టింటి ఊరు కూడా రాశాక, ఎండలు ముదరకముందే ఫోను వచ్చింది. తమిళనాడులో, చెన్నై దాటాక ఓ చిన్న ఊళ్లో ఆడవాళ్ల ఆశ్రమం. మాట్లాడినావిడ పేరు స్టెల్లా, సొంతూరు సూళ్లూరుపేట కావడంతో తెలుగు చక్కగా మాట్లాడింది. "రత్నం, కూచిపూడి అని కొట్టానండి. ఎన్నేళ్లుగానో కొడతానే ఉన్నా. ఎప్పుడు కొట్టినా డాన్సు స్కూళ్లు, డాన్సు ఫోటోలు తప్ప ఏమీ వచ్చేది కాదు. ఇవాళ మీ పేజీ వచ్చింది" అంది. అమ్మని ఏ ఊరంటే కూచిపూడి అనే చెప్పేదట. అది వినీ వినీ అక్కడివాళ్లంతా ఆవిణ్ణి డాన్సమ్మ అని పిలిచేవాళ్లట. కూచిపూడి వైపు అడిగిస్తే, రత్నం అనే మనిషి తప్పిపోయినట్టు ఎక్కడా రాసి లేదన్నారట. ఎలా ఉంటుంది? కూచిపూడి అనే మాట మీద లోకంలో ఎన్ని పేజీలున్నాయో నా వృత్తిలో ఉన్నవాళ్లకి తెలుసు. ఆ రద్దీలో మా అమ్మకంటూ ఓ పేజీ ఉండి ఉంటే స్టెల్లాకి ఎప్పుడో కనపడేది. "అమ్మతో ఒకసారి మాట్లాడించండి" అన్నాను. "పోయిన వానల్లో పోయిందండి. జొరం వచ్చింది, తగ్గలేదు. పోయినోళ్ల పేర్లు కూడా కొడతుంటానండి నేను, కనీసం కబురన్నా చెప్పొచ్చని." నానమ్మకంటే కొన్ని నెలల ముందే అమ్మ పోయింది.

నాన్న రాలేదు. కుర్చీలోంచి లేవకుండా "నువ్వెళ్లిరామ్మా" అన్నాడు. నేనొక్కదాన్నే వెళ్లాను. పొడుగాటి హాలు, గచ్చునేల, ఫినాయిల్ వాసన. అమ్మ పడుకున్న మంచం మీద ఇప్పుడు ఇంకెవరో పడుకుని ఉన్నారు. స్టెల్లా గారు తన ఫోన్లో అమ్మ ఫోటో చూపించారు. గుండు చేసిన తల, లోపలికి పోయిన బుగ్గలు. పేలు పడతాయని అందరికీ జుట్టు తీసేస్తారట. నేను ఆ ఫోటో కేసి చూస్తూ, శారద పేరుతో ఉన్న నా పేజీ ఎంత బాగా పనిచేసేదో, ఎంతమంది చూసేవాళ్లో, ఏదో ఒకటి మాట్లాడాలని గడగడా చెప్పుకుపోయాను. ఇంత చేసినా మీదాకా మాత్రం రాలేదండీ అన్నాను.

"వచ్చిందండి" అన్నారు స్టెల్లా గారు. "చాలా ఏళ్ల కిందట. సేవ చేయడానికి వచ్చే కాలేజీ అమ్మాయిలు తప్పిపోయినోళ్ల కాయితాలు ప్రింటు తీసి తెచ్చేవాళ్లు. మీరు చెప్తుంటే ఇప్పుడు గుర్తొస్తా ఉంది. శారద, విజయవాడ. ఫోటోలో పెళ్లికూతురు, మొహం నల్లగా పడింది, ఏమీ తెలీలా. మా దగ్గర తెలుగోళ్లు సగంమంది ఉంటారు కదా. ఇదే హాల్లో అందరూ చిక్కుడుకాయలు వలుస్తా ఉంటే నేనే ఇక్కడ నిలబడి గట్టిగా పిలిచాను, శారదమ్మ ఎవరండీ, మీ ఇంటోళ్లు వెతుకుతున్నారు అని."

"అప్పుడు అమ్మ ఎక్కడుందండీ?"

"ఇక్కడే, నా ఎదురుగానే కూర్చోనుంది. అందరితో పాటు తనూ చుట్టూ చూసింది, శారద ఎవరా అని."